ఆసుపత్రి వరండాలో వినబడిన మాట దేవుడికి సాక్ష్యమా?

మిగతావాళ్ళ కోసం ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెప్తాను. మీరు చెన్నైలో ఐటీ ఉద్యోగం చేస్తున్నారు. నాన్నగారికి అర్జెంటుగా బైపాస్ చేయాల్సొచ్చింది. ఆ రాత్రి ఆపరేషన్ థియేటర్ బయట కుర్చీలో ఒక్కరే కూర్చుని ఉంటే, ఎవరో వచ్చి పక్కన కూర్చున్నట్టు, "ఏం కాదు, ఊరుకో" అన్నట్టు స్పష్టంగా తెలిసింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. వచ్చింది వేంకటేశ్వరస్వామే అని మీకు ఏ సందేహమూ లేదు. నాన్నగారు ఇప్పుడు బాగున్నారు, సంతోషం. రూమ్మేట్ మాత్రం అదంతా నిద్రలేమి, టెన్షన్, మెదడులో కెమికల్స్ అని తేల్చేశాడు. ఆఫీసులో గుంటూరు నుంచి వచ్చిన ఇంకో స్నేహితుడు, తన తల్లి పోయిన రోజుల్లో యేసుప్రభువు అచ్చం ఇలాగే తోడు కూర్చున్నాడని చెప్పాడు. ఇప్పుడు మీరు అడిగేది: ఇది దేవుడున్నాడనడానికి సాక్ష్యం అవుతుందా, అవకపోతే నమ్మడం మానేయాలా?

సూటిగా చెప్తాను. సాక్ష్యం అవుతుంది. అదంతా భ్రమ, లెక్కలోకే రాదు అనేవాళ్ళతో నేను ఏకీభవించను. కాకపోతే మీరు అనుకుంటున్నంత బరువు దానికి లేదు, మీరు అనుకుంటున్న విషయానికి అది నేరుగా సాక్ష్యం కూడా కాదు. ఈ ఊళ్ళోనే ఒక కాలేజీలో చాలా ఏళ్ళు తత్వశాస్త్రం, అందులోనూ న్యాయం, మీమాంస అనే పాత దర్శనాలు చెప్పినవాణ్ణి. ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడిగేవారు, అదీ క్లాసు అయిపోయి అందరూ వెళ్ళిపోయాక. అందుకని కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిక ఉంటే చదవండి.

ముందు మీ తరఫున వాదిస్తాను. కళ్ళకి ఏదైనా కనిపిస్తే, చెవికి ఏదైనా వినిపిస్తే నమ్మడమే మామూలు పద్ధతి. నమ్మకపోవడానికే కారణం కావాలి. మౌంట్ రోడ్డు మీద ఎదురుగా బస్సు వస్తుంటే అది నిజంగా బస్సేనా అని రుజువు వెతుక్కుంటూ ఎవరూ నిలబడరు, పక్కకి తప్పుకుంటారు. మీమాంసకులు దీన్ని స్వతఃప్రామాణ్యం అన్నారు. జ్ఞానం పుట్టగానే దానంతట అదే ప్రమాణం, అంటే నమ్మదగ్గది, దాన్ని కొట్టేసే మరో జ్ఞానం, అంటే బాధకం, ఏదైనా వచ్చేదాకా. ఏడో శతాబ్దంలో కుమారిలభట్టు దీన్ని గట్టిగా నిలబెట్టాడు. ఇంచుమించు ఇదే సూత్రంతో ఇంగ్లండుకి చెందిన తత్వవేత్త రిచర్డ్ స్విన్‌బర్న్ 1979లో దేవుడి ఉనికి మీద పుస్తకం రాస్తూ మతానుభవాన్ని సమర్థించాడు. దేవుడు ఎదురుగా ఉన్నట్టు ఒకడికి తోస్తే, తోసినట్టే ఉందని ఒప్పుకోవాలి, కాదనడానికి ప్రత్యేకమైన కారణం ఉంటే తప్ప. మీ రూమ్మేట్‌కి వినిపించాల్సిన వాదన ఇదే, మీ వైపు ఇంతకంటే బలమైనది లేదు.

తమాషా ఏమిటంటే, అంత గట్టి సూత్రం చేతిలో ఉన్న కుమారిలుడు దాన్ని పట్టుకుని దేవుడి దాకా వెళ్ళలేదు. సృష్టి చేసిన ఈశ్వరుణ్ణీ ఒప్పుకోలేదు, యోగులకి ఇంద్రియాలకి అందనివి నేరుగా కనిపిస్తాయన్నదీ ఒప్పుకోలేదు. ఇప్పటి మనుషులకెవరికీ లేని చూపు ఒకప్పటివాళ్ళకి ఉండేదనడానికి ఆధారం ఏది అని అడిగాడు. ఆయన నాస్తికుడేమీ కాదు, వేదం మీద ఆయనకున్న పట్టుదల ఇంకెవరికీ ఉండదు. అంటే అనుభవాన్ని మొదట నమ్మాలి అన్నంత మాత్రాన పని అయిపోదు, బాధకాలు ఉన్నాయా లేవా అని చూడాలి, అసలు కథ అక్కడ మొదలవుతుంది.

మీ రూమ్మేట్ చెప్పిన కెమికల్స్ సంగతి చూద్దాం. "మెదడులో జరిగింది" అన్న ఒక్క మాటే బాధకం అయిపోదు. మీరు మామిడిపండు చూసినా మెదడులోనే జరుగుతుంది, అందుకని పండు లేదని ఎవరూ అనరు. దేవుడే మనిషితో మాట్లాడాలనుకున్నా మెదడు ద్వారానే కదా మాట్లాడాలి. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆ వచ్చినవాడు ఎవరూ లేకపోయినా ఇలాంటి అనుభవం ఇదే తీరుగా కలుగుతుందా? కలిగితే ఎంతమందికి?

దీనికి జవాబు కొంత తెలుసు, అది మీకు అంత అనుకూలంగా లేదు. 1971లో అచ్చయిన పరిశోధన కోసం డెవి రీస్ అనే డాక్టరు వేల్స్ ప్రాంతంలో భర్త పోయినవాళ్ళనీ భార్య పోయినవాళ్ళనీ 293 మందిని కలిసి అడిగితే, ఇంచుమించు సగం మందికి పోయినవాళ్ళు ఇంకా పక్కనే ఉన్నట్టు తెలియడమో, కనిపించడమో, మాట వినిపించడమో జరిగింది. వాళ్ళలో చాలామంది అప్పటిదాకా ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. 1916లో దక్షిణధ్రువ యాత్రికుడు షాకిల్టన్, ఇంకో ఇద్దరు దక్షిణ జార్జియా ద్వీపంలో మంచుకొండలు దాటుతుంటే తమతో నాలుగో మనిషి నడుస్తున్నట్టు ముగ్గురికీ అనిపించింది. వీళ్ళెవరూ పిచ్చివాళ్ళు కారు. నిద్ర లేనప్పుడు, ఒంటరిగా ఉన్నప్పుడు, ప్రాణం మీదికి వచ్చినప్పుడు, పక్కన ఎవరో ఉన్నారనిపించడం మామూలు మనుషులకి మామూలుగా జరిగేదే. మీరు ఆ రాత్రి ఉన్నది సరిగ్గా ఆ పరిస్థితిలో. ధర్మకీర్తి అని ఏడో శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ఈ జాబితా ఎప్పుడో రాసిపెట్టాడు: కామం, శోకం, భయం, ఉన్మాదం ముంచెత్తినవాళ్ళు లేనివాటిని కూడా ఎదురుగా నిలబడ్డట్టు చూస్తారని. ఆయన యోగుల ప్రత్యక్షాన్ని, అంటే నేరుగా చూసి తెలుసుకోవడాన్ని, ఒప్పుకున్న మనిషి, అయినా ఈ మాట అన్నాడు. ఆయన లెక్కలో ఎంత స్పష్టంగా కనిపించింది అన్నది అది నిజమనడానికి గుర్తు కాదు. మీరు రాసినదాంట్లో "అంత స్పష్టంగా" అన్న మాట ఊరికే వస్తోంది కాబట్టి ఇది చెప్పాల్సి వచ్చింది.

అలాగని రూమ్మేట్ గెలిచాడనుకోకండి. తల మీద హెల్మెట్ పెట్టి చిన్న అయస్కాంత క్షేత్రంతో దేవుడి సాన్నిధ్యం పుట్టించానని కెనడాలో పెర్సింగర్ అనే ఆయన చెప్పాడు, పేపర్లలో తెగ వచ్చింది. 2005లో స్వీడన్‌లో గ్రాన్‌క్విస్ట్ బృందం అదే ప్రయోగాన్ని, కరెంటు ఎవరికి పెట్టారో ప్రయోగం చేసేవాళ్ళకీ చేయించుకునేవాళ్ళకీ తెలియకుండా చేసి చూస్తే, అయస్కాంతం ప్రభావం ఏమీ తేలలేదు. సూచనలకి తేలిగ్గా లొంగే స్వభావం ఉన్నవాళ్ళకే అనుభవాలు ఎక్కువ వచ్చాయి. కాబట్టి మెదడులో ఫలానా మీట నొక్కితే దేవుడు కనిపిస్తాడు అనేవాళ్ళు కూడా తెలిసినదానికంటే ఎక్కువే మాట్లాడుతున్నారు.

సాక్ష్యం బరువు ఎలా తూస్తారో ఒక్కసారి చూడండి. ఒక సంగతి దేవుడుంటే ఎంత జరగడానికి వీలుందో, లేకపోయినా అంతే వీలుంటే, ఆ సంగతి ఎటూ మొగ్గదు. మీ వరండానే తీసుకోండి. గ్రీమ్స్ రోడ్డు చుట్టుపక్కల పెద్దాసుపత్రుల్లో ఏ రాత్రి వెళ్ళినా ఆ కుర్చీలు నిండుగా ఉంటాయి. చేతిలో ఫైలు, ఫ్లాస్కు, సంచిలో మార్చుకునే బట్టలు, ఒక మూల ఎవరో ఫోన్‌లో చిన్న గొంతుతో సుప్రభాతమో కందషష్ఠి కవచమో పెట్టుకుని ఉంటారు. అక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామందికి ఏదో ఒక క్షణంలో ఏం కాదు అనే ధైర్యం ఎక్కణ్ణుంచో వస్తుంది, కొందరికి మాటగానే వస్తుంది. వాళ్ళలో కొందరి మనిషి ఇంటికి వస్తాడు, కొందరికి శవం అంబులెన్స్‌లో వస్తుంది. రెండో రకం వాళ్ళు, "స్వామి ఏం కాదన్నాడు, కానీ అయింది" అని ఎక్కడా రాయరు, ఎవరికీ చెప్పరు, నెమ్మదిగా మరిచిపోతారు లేదా నేనే తప్పు విన్నాను అనుకుంటారు. మనకి వినిపించే కథలన్నీ మొదటి రకం వాళ్ళవే. మీ నాన్నగారు బతికారు కాబట్టి ఆ మాట నిజమైంది, నిజమైంది కాబట్టి అది దేవుడి మాట అయింది. ఈ మెట్టు మీరు తెలియకుండానే ఎక్కేశారు. నైయాయికులు, అంటే న్యాయదర్శనం వాళ్ళు, అయితే ఇక్కడే పట్టుకుంటారు. వాళ్ళ లెక్కలో జ్ఞానం దానంతట అదే ప్రమాణం కాదు, తర్వాత దాన్ని బట్టి చేసిన పని ఫలించాలి. నీళ్ళని చూసి వెళ్తే దాహం తీరాలి, లేకపోతే అది ఎండమావి. ఒక్కసారి తీరితే చాలదు, తీరనప్పుడు లెక్క రాసుకుంటున్నామా లేదా అని కూడా చూడాలి.

ఇంతవరకు "ఎవరో ఉన్నారు" అన్నదాని గురించి. దానికి కొంత బరువు ఇద్దాం, పోనీ. "ఆ ఎవరో వేంకటేశ్వరస్వామి" అన్నది ఎక్కణ్ణుంచి వచ్చింది? నా మటుకు నాకు అన్నిటికంటే ఆసక్తికరమైన సంగతి ఇదే.

మేముండే వైపు ఒక సందులో అమ్మవారి గుడి ఉంది, తమిళుల ఆడి నెలలో కూళు, అంటే అంబలి, పోస్తారు. ఆ సందులో సగం ఇళ్ళు మూడు తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళవి. ప్రతి ఏడాదీ ఒక పెద్దావిడకి పూనకం వస్తుంది. పసుపునీళ్ళతో తడిసిన చీర, చేతిలో వేపమండలు, కళ్ళు పైకి తిరిగిపోయి ఉంటాయి, చూస్తే భయమేస్తుంది. జనం వరసగా వచ్చి అడుగుతారు, కూతురి పెళ్ళి, కొడుకు వీసా, తమ్ముడి తాగుడు. అమ్మవారు తమిళం వాళ్ళకి తమిళంలో, తెలుగువాళ్ళకి తెలుగులో జవాబు చెప్తుంది, ఆ తెలుగు కూడా అచ్చం ఆ పెద్దావిడ ఇంట్లో మాట్లాడే యాసలోనే. ఒకసారి కొత్తగా వచ్చిన హిందీ కుటుంబం ఏదో అడిగితే అమ్మవారు వేపమండ ఆడించి ఊరుకుంది. నేను ఎగతాళి చేయడం లేదు, ఆవిడ నటిస్తోందని కూడా అనుకోను, నటనైతే ఇంకా బాగా చేసేది. కానీ పలికేది ఎవరైనా, పలకడానికి సామాన్లన్నీ ఆవిడ దగ్గర ఉన్నవే.

చెన్నైలో దీనికి దగ్గరగా వచ్చే పరిశోధన ఒకటి జరిగింది. టాన్యా లూర్‌మన్ అనే మానవశాస్త్రవేత్త, ఇక్కడి మానసిక వైద్యులతో కలిసి, స్కిజోఫ్రీనియా ఉండి గొంతులు వినిపించేవాళ్ళని కాలిఫోర్నియాలో శాన్ మాటియోలో, ఘానాలో ఆక్రాలో, చెన్నైలో ఒక్కోచోట ఇరవై మందిని ఇంటర్వ్యూ చేసింది. అమెరికావాళ్ళకి వినిపించినవి ఎక్కువగా కొట్టు, చంపు లాంటి భయంకరమైన గొంతులు. ఆక్రాలో చాలామందికి దేవుడి గొంతు. చెన్నైవాళ్ళలో చాలామందికి చుట్టాల గొంతులు, ఇల్లు ఊడ్చుకో, స్నానం చెయ్యి అని పనులు చెప్పేవి. దయచేసి మీకు జబ్బు ఉందంటున్నానని అనుకోకండి, అస్సలు కాదు. చెప్పేదేమిటంటే, లోపలి నుంచి వచ్చే గొంతుకి ఎవరి పేరు పెట్టుకుంటామన్నది ఎక్కువగా పెరిగిన ఇల్లూ ఊరూ నిర్ణయిస్తాయి.

జిడ్డు కృష్ణమూర్తి గారు దీన్ని మొహమాటం లేకుండా చెప్పేవారు. మదనపల్లెలో పుట్టి, 1909లో అడయారు బీచిలో థియోసాఫికల్ సొసైటీవాళ్ళ కంటపడి, జగద్గురువుగా తయారుచేయబడ్డ మనిషి. 1922లో కాలిఫోర్నియాలో ఒహాయ్‌లో ఆయనకే మీదానికంటే చాలా పెద్ద అనుభవం కలిగింది, తర్వాత కూడా కలుగుతూనే ఉండేవి. అయినా 1929లో తన కోసం పెట్టిన సంస్థని తానే రద్దు చేశారు. ఆ తర్వాత జీవితమంతా, అనుభవాన్ని గుర్తుపట్టావంటే అది నీకు ముందే తెలుసన్నమాట, క్రైస్తవుడికి క్రీస్తు, హిందువుకి కృష్ణుడు కనిపించేది అందుకే అని వాదించారు. అనుభవం లేని మనిషి ఈ మాట అంటే అందని ద్రాక్ష అనొచ్చు. ఆయన్ని అలా అనలేం.

సరే, కృష్ణమూర్తి గారు ఏ మతాన్నీ పట్టించుకోని మనిషి, ఆయన అలాగే అంటాడు అనుకుందాం. రామానుజాచార్యుల సంగతి చూడండి. ఆయన పుట్టిన శ్రీపెరుంబుదూరు ఇక్కణ్ణుంచి ఎంతో దూరం లేదు, ఇప్పుడు కార్ల ఫ్యాక్టరీల మధ్య ఉంది. భక్తి అంటే ఆయన పేరే ముందు చెప్తారు. అలాంటి ఆయన శ్రీభాష్యంలో, అంటే బ్రహ్మసూత్రాలకి రాసిన వ్యాఖ్యానంలో, మూడో సూత్రం దగ్గర, బ్రహ్మాన్ని తెలుసుకోవడానికి ప్రత్యక్షం పనికిరాదు, మామూలు ప్రత్యక్షమే కాదు, యోగుల ప్రత్యక్షం కూడా పనికిరాదు అంటారు. కారణం ఏం చెప్పారంటే, ధ్యానం పరాకాష్ఠకి చేరినప్పుడు కలిగే ఆ దర్శనం ఎంత స్పష్టంగా ఉన్నా, అది అంతకుముందు అనుభవించినదాని జ్ఞాపకమే, కాబట్టి అది ప్రమాణం కాదు. అనుమానంతో, అంటే తర్కంతో, ఈశ్వరుణ్ణి నిరూపించడాన్ని కూడా అక్కడే కొట్టేస్తారు. మిగిలింది శాస్త్రం ఒక్కటే అంటారు. శాస్త్రం ఎందుకు నమ్మాలి అన్నది వేరే గొడవ, దాంట్లోకి ఇప్పుడు దిగను. కానీ చూడండి, స్వామి మీద అంత ప్రేమ ఉన్నాయన, స్వామి ఉన్నాడనడానికి తన అనుభవాన్ని సాక్ష్యంగా నిలబెట్టలేదు. అనుభవమే అన్నిటికంటే పెద్ద రుజువు అని ఇప్పుడు వాట్సాప్‌లో తిరిగే మాట మన పాత ఆచార్యులందరిదీ అనుకుంటారు చాలామంది, అది అంత నిజం కాదు.

దీనికి ఎదురుగా నిలబడే సాక్ష్యం మన తెలుగులోనే ఒకటి ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. పోతన భాగవతం మొదట్లో తన సంగతి తానే చెప్పుకుంటాడు. పున్నమి రాత్రి, చంద్రగ్రహణం, గంగలో స్నానం చేసి ఇసుకతిన్నె మీద కూర్చున్నాడు. కళ్ళు పూర్తిగా మూయలేదు, కొద్దిగా తెరిచే ఉన్నాయి. ధ్యానిస్తున్నది మహేశ్వరుణ్ణి. కనిపించినవాడు రాముడు, మేఘం పక్కన మెరుపులా పక్కన ఒక స్త్రీ. భాగవతం తెలుగు చెయ్యమని చెప్పి మాయమయ్యాడు. ఎదురుచూసినదే కనిపిస్తుంది అనే సిద్ధాంతానికి ఇది కొంచెం ఇబ్బందే. శివుడి కోసం కూర్చుంటే రాముడొచ్చి, కృష్ణుడి కథ రాయమన్నాడు. నా క్లాసుల్లో ఇది చెప్తే పిల్లలు నవ్వేవారు, కానీ జ్ఞానశాస్త్రం, అంటే మనకి ఏది ఎలా తెలుస్తుందో విచారించే శాస్త్రం, ప్రకారం ఇది సామాన్యమైన వివరం కాదు. అడగని జవాబు వచ్చిన అనుభవానికి, అడిగిన జవాబే వచ్చిన అనుభవం కంటే బరువు ఎక్కువ. అయితే రాముడంటే ఎవరో తెలియని తెలుగువాడు ఆ రోజుల్లోనూ లేడు, కాబట్టి రామానుజుల ఆక్షేపణ ఇంకా నిలబడే ఉంటుంది. మీ విషయానికొస్తే, మీరు ఆ పూటంతా గోవిందా గోవిందా అనుకుంటూనే కూర్చున్నానని రాశారు. వచ్చింది గోవిందుడే అనుకున్నారు.

ఇక గుంటూరు స్నేహితుడు. కుమారిలుడి పేరుతో ఒక పాత శ్లోకం చెప్తారు, దాని భావం ఇదీ: బుద్ధుడు సర్వజ్ఞుడైతే సాంఖ్యం చెప్పిన కపిలుడు కాడనడానికి ప్రమాణం ఏమిటి, ఇద్దరూ సర్వజ్ఞులే అయితే ఇద్దరికీ అభిప్రాయభేదం ఎందుకు? మీ ఇద్దరికీ ఇదే వర్తిస్తుంది. మీ అనుభవం వేంకటేశ్వరస్వామికి సాక్ష్యమైతే, అంతే స్పష్టమైన, అంతే నిజాయితీ ఉన్న ఆయన అనుభవం యేసుప్రభువుకి సాక్ష్యం. ఆయన నమ్మే దేవుడు ఇంకెవరూ దేవుళ్ళు కారంటాడు కూడా. ఇద్దరి అనుభవాలూ పూర్తిగా నిజం కావడం కుదరదు.

అందరూ చూసేది ఒకే సత్యాన్ని, పేర్లే వేరు అని మీరు వెంటనే అంటారు, అనకపోతే మీ అమ్మగారు అంటారు. ఆ వాదనని గొప్పగా చెప్పినవాడు మన సర్వేపల్లి రాధాకృష్ణన్, ఈ ఊళ్ళోనే ప్రెసిడెన్సీ కాలేజీలో 1909లో పాఠాలు మొదలుపెట్టినవాడు. అనుభూతి అసలైనది, సిద్ధాంతాలు దాన్ని వివరించే ప్రయత్నాలు అన్నది ఆయన వాదన. అందంగా ఉంటుంది, నాకెప్పుడూ పూర్తిగా మింగుడుపడలేదు. ఎందుకంటే అందరి అనుభవాల్లోంచి పేరు, రూపం, చెప్పిన మాట అన్నీ తీసేస్తే మిగిలేది "నాకంటే పెద్దది ఏదో ఉంది, అది నా మంచి కోరుతోంది" అన్నంతే. దానికి గుడీ అక్కర్లేదు, చర్చీ అక్కర్లేదు, మొక్కూ అక్కర్లేదు. మీ గుంటూరు స్నేహితుడు అయితే అది నా ప్రభువు కాదు పొమ్మంటాడు, నిజానికి మీరూ అంటారు. అయినా, మీ అనుభవం దేనికైనా సాక్ష్యమైతే ఆ మిగిలిన పలచటి దానికే. అది తక్కువేమీ కాదు అనుకునేవాళ్ళున్నారు. నేనూ కొన్ని రోజులు ఆ పక్క ఉంటాను.

ఎవరికి సాక్ష్యం అన్నది ఇంకో సంగతి. ఆ రాత్రి జరిగింది మీకు ప్రత్యక్షం లాంటిది. మీరు మాకు చెప్పాక అది మాకు శబ్దం, అంటే ఇంకొకరి మాట. వాటి పరీక్షలు వేరు. మీ మాట నేను వినాలంటే న్యాయసూత్రాల వ్యాఖ్యానమైన న్యాయభాష్యంలో వాత్స్యాయనుడు పెట్టిన షరతులు చాలు: చెప్పేవాడికి ఆ విషయం నేరుగా తెలిసి ఉండాలి, ఉన్నది ఉన్నట్టు చెప్పాలనే కోరిక ఉండాలి. రెండోది మీకుంది, మీ మాటల్లో తెలుస్తోంది. మొదటిదే కదా ఇక్కడ తగువు. మీకు పక్కన ఎవరో ఉన్నట్టు తెలిసిందని నమ్ముతాను. ఎవరో ఉన్నారని నమ్మడానికి మీ మాట ఒక్కటే చాలదు. 1901, 1902 సంవత్సరాల్లో అమెరికన్ తత్వవేత్త విలియం జేమ్స్ ఎడిన్‌బరోలో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఇంచుమించు ఇక్కడికే వచ్చి ఆగాడు: ఇలాంటి అనుభవం కలిగినవాడికి అది అధికారం, బయటివాళ్ళు దాన్ని విమర్శ లేకుండా తలకెత్తుకోవాల్సిన పని లేదు, అయితే మామూలు బుద్ధికి అందేదే సర్వస్వం అనడం కూడా కుదరదు.

మన కథలు కట్టినవాళ్ళకి ఈ తేడా బాగా తెలుసు. రామదాసు కథ గుర్తు చేసుకోండి. భద్రాచలంలో గుడి కట్టించి ఖైదులో పడ్డ గోపన్నకి రాముడు కనిపించాడు అని ఊరుకుంటే కథ నడవదు, తానీషా వదలడు కూడా. అందుకే కథలో రామలక్ష్మణులు నేరుగా తానీషా పడగ్గదికే వెళ్తారు, ఆరు లక్షలు లెక్కపెట్టి ఇస్తారు, రసీదు రాయించుకుంటారు. భక్తుడికి కాక, నమ్మని ముస్లిం ప్రభువుకి కనిపిస్తారు, పొద్దున లేచి చూస్తే డబ్బు అక్కడే ఉంటుంది. జరిగిందా లేదా అన్నది పక్కన పెట్టండి, ఇంకొకరిని ఒప్పించడానికి ఎలాంటి సాక్ష్యం కావాలో ఆ కథ చెప్పినవాడు సరిగ్గా లెక్కేశాడు. ఎయిర్‌పోర్టుకి వెళ్ళే దారిలో పరంగిమలై ఎప్పుడైనా ఎక్కారా? యేసు శిష్యుడు సెయింట్ థామస్ అక్కడే క్రీ.శ. 72లో చంపబడ్డాడని సంప్రదాయం. మిగతా శిష్యులు ప్రభువుని చూశామంటే, గాయాల్లో వేలు పెట్టి చూస్తే తప్ప నమ్మనన్న మనిషి ఆయన. తోటివాళ్ళ అనుభవం ఆయనకి చాలలేదు. ఆ సంగతి దాచకుండా వాళ్ళ గ్రంథంలోనే రాసుకున్నారు, మీ స్నేహితుడికి గుర్తు చేయొచ్చు, గొడవకి కాదు.

ఇంత పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. మీ అనుభవం మీ దగ్గరే ఉన్నంతకాలం నాకు ఏ పేచీ లేదు. కానీ ఈ ఊళ్ళో, మన ఊళ్ళలో, "స్వామి నాతో చెప్పాడు" అని మొదలయ్యే వాక్యం చాలాసార్లు "కాబట్టి నువ్వు" అని ముగుస్తుంది. కాబట్టి నువ్వు మందులు మానెయ్యి, కాబట్టి నువ్వు ఆ పిల్లని చేసుకోకు, కాబట్టి ఆ స్థలం ఆశ్రమానికి రాయి. ఇంకొకరి మీద బరువు పెట్టేటప్పుడు ఒక్కడి ప్రత్యక్షం చాలదు. అక్కడ తానీషా రసీదు అడగాలి. అనుభవం నిజాయితీగా కలిగినవాడు కూడా అక్కడ తప్పుకోలేడు.

ఇక మీ రెండో ప్రశ్న, నమ్మడం మానేయాలా. మానేయమని నేనెందుకు చెప్తాను? ఆ అనుభవానికి ముందు మీకు దేవుడి మీద ఎంత నమ్మకం ఉందో, దానికి ఇది కొంచెం కలుపుతుంది. ముందు సున్నా ఉన్నవాడిని ఇది భక్తుణ్ణి చేయదు, చేయకూడదు కూడా. మీకు నమ్మకం చిన్నప్పటి నుంచీ ఉంది, వేరే కారణాలతో ఉంది, ఇంట్లో ఉంది. ఆ నమ్మకం ఈ వరండా మీద నిలబడలేదు, కాబట్టి వరండాని ఎవరైనా పడగొట్టినా అది పడిపోనక్కర్లేదు. రూమ్మేట్‌తో ఈ అనుభవం పట్టుకుని వాదనకి దిగితే మాత్రం మీరే ఓడిపోతారు, ఎందుకంటే వాదనకి అది చాలని సరుకు. తిరుమల మొక్కు గురించి కూడా అడిగారు. అనుకున్న మొక్కు తీర్చుకోవడానికి జ్ఞానశాస్త్రం అనుమతి అక్కర్లేదు, నాన్నగారు మెట్లెక్కగలరో లేదో మాత్రం కార్డియాలజిస్టుని అడగండి.

ఒక్క పని మాత్రం ఇవాళే చేయండి. ఆ రాత్రి జరిగింది మొత్తం కాగితం మీద రాసి తేదీ వేసి పెట్టుకోండి. జ్ఞాపకం మనకి తెలియకుండా మారిపోతుంది. 1986లో ఛాలెంజర్ అంతరిక్షనౌక పేలిన మర్నాడు నైసర్ అనే సైకాలజిస్టు ఆ వార్త ఎలా తెలిసిందో విద్యార్థులతో రాయించి పెట్టుకుని, రెండేళ్ళు దాటాక మళ్ళీ అడిగితే, చాలామంది వేరే కథ చెప్పారు, అదీ ఏ మాత్రం తడుముకోకుండా. మీది ఎన్నిసార్లు చెప్తే అంత గుండ్రంగా తయారవుతుంది. ఎవరు కూర్చున్నట్టు తెలిసింది, ఎడమవైపా కుడివైపా, మాట చెవికి వినిపించిందా లోపల తోచిందా, అది స్వామి అని అప్పుడే అనుకున్నారా, పొద్దున అమ్మగారికి చెప్తున్నప్పుడు అనుకున్నారా. ఇంకా ముఖ్యంగా, "ఏం కాదు" అని మీకు తెలిసింది సర్జన్ తలుపు తీసి బయటికి రాకముందా, వచ్చి మాట్లాడి వెళ్ళాకా? మీరు రాసినదాంట్లో అది లేదు.